మోకాలికీ నడుముకీ ముడి

పొంతన లేని రెండు విషయాలను ఒకచోట చేర్చి మాట్లాడేవాణ్ణి చూస్తే "బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడుతున్నాడు" అంటాం. మా ఇంట్లో ఈ సామెత మీద సర్వహక్కులూ మా అమ్మవి. నాకు లెక్కల్లో మార్కులు తగ్గడానికి మాస్టారి గొంతు మరీ సన్నగా ఉండటమే కారణమని వాదించిన రోజున దాన్ని మొదటిసారి విన్నాను. ఆఖరిసారి విన్నది 2022 జనవరిలో, హైదరాబాదులో ఒక ఎముకల డాక్టరుగారి గదిలో. నడుము నొప్పి అని చెప్పుకున్న మనిషిని ఆయన "మోకాళ్ళు చూపించండమ్మా" అన్నారు. అమ్మ నా వైపు తిరిగి, ఆయన వింటారన్న శంక కూడా లేకుండా, "నడుమురా బాబూ అని నేను మొత్తుకుంటుంటే మోకాళ్ళంటారేమిటి? బోడిగుండుకీ మోకాలికీనూ!" అంది.

డాక్టరుగారికి కోపం రాలేదు. "బోడిగుండు సంగతి నాకు తెలియదమ్మా. నడుముకీ మోకాలికీ మాత్రం ముడి ఉంది. అది నేను పెట్టింది కాదు" అన్నారు.

ఆ ముడి గురించే ఈ నాలుగు మాటలూ. నేను వైద్యుణ్ణి కాను. ఒక వృద్ధురాలి కొడుకుని, అంతే. ఆ కొడుకు పని కూడా ఎంత అజాగ్రత్తగా చేశానో చదువుతూంటే మీకే తెలుస్తుంది.

*

అమ్మ కోనసీమలో మా పాత పెంకుటింట్లో ఒక్కతే ఉంటుంది. నాన్నగారు పోయాక హైదరాబాదు వచ్చేయమని నేనూ, పుణె వచ్చేయమని చెల్లెలూ అడగడం, ఆవిడ "చూద్దాంలే" అనడం ఒక వార్షికోత్సవంలా జరుగుతూ వచ్చింది. 2018 ప్రాంతంలో, అంటే ఆవిడకు అరవై ఎనిమిదేళ్ళప్పుడు, నడుము నొప్పి మొదలైంది. పొద్దున్న లేచి ముగ్గు వేసి నడుమెత్తేసరికి ప్రాణం పోతోందనేది. దగ్గరి పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. వెన్నుకు ఎక్సురే తీశారు, ఆపైన ఎమ్మారై తీశారు. "డిస్కులు అరిగిపోయాయి" అన్నారు. నడుముకు బెల్టు, పూటకొక నొప్పి మాత్ర, వంగి పనులు చేయవద్దన్న సలహా ఇచ్చారు. కాగితం మీద తెల్లగా, నల్లగా సాక్ష్యం కనిపిస్తోంది కదా, ఇంకేం కావాలి? నేను ఆ ఫిల్ము కవరును బీరువాలో భద్రపరచి, బెల్టు కొనిచ్చి, నా ధర్మం నెరవేర్చుకున్నాననుకుని తిరుగు ప్రయాణమయ్యాను.

ఆ తర్వాత మూడేళ్ళు నేను ఫోనులో అడిగిన ప్రశ్న ఒక్కటే: "నడుమెలా ఉందమ్మా?" ఆవిడ చెప్పిన సమాధానమూ ఒక్కటే: "అలాగే ఉంది. మాత్ర వేసుకుంటే ఫరవాలేదు." ఆ మాత్రల చీటీ మందుల షాపువాడికి కంఠస్థమైంది. చీటీ చూపించకుండానే ఇచ్చేవాడు. అదొక సౌకర్యమని మేమంతా సంతోషించాం కూడా.

మూడేళ్ళ తర్వాత కాళ్ళు వాచాయి. పక్కింటి పిన్నిగారు ఫోను చేసి "మీ అమ్మకి కాళ్ళు బూరెల్లా ఉన్నాయి నాయనా, వేలితో నొక్కితే గుంట పడుతోంది" అన్నారు. చెల్లెలు పుణె నుంచి దిగింది. ఇద్దరం కలిసి అమ్మను హైదరాబాదు తీసుకువచ్చాం. రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.8 ఉంది. రక్తపోటు కూడా పెరిగింది. పరీక్షించిన ఫిజీషియన్ ముందు మాత్రల సంచీ అడిగి, దానిలోంచి నొప్పి మాత్రలు ఏరి పక్కన పెట్టి, "ఇవి ఇవాళ్టితో బంద్. నొప్పికి అసలు కారణమేమిటో ముందు చూపించుకోండి" అని ఎముకల డాక్టరుగారి దగ్గరకు పంపారు.

*

ఆ డాక్టరుగారికి అరవై ఏళ్ళుంటాయి. మేము తీసుకువెళ్ళిన ఫిల్ముల్ని వెంటనే చూడలేదు. ముందు అమ్మను గది ఈ చివర నుంచి ఆ చివరకు నడవమన్నారు. తర్వాత బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, చీరను మోకాళ్ళ దాకా జరపమని చెల్లెలితో చెప్పి, రెండు కాళ్ళూ బాగా చాపమన్నారు. అమ్మ చాపింది. తాను చాపినట్టే అనుకుంది. ఆయన తన అరచేతిని అమ్మ కుడి మోకాలి కింద నుంచి అవతలికి పోనిచ్చి నన్ను పిలిచి చూపించారు. మోకాలికీ బల్లకూ మధ్య పిడికిలి పట్టేంత సందు. ఎడమ మోకాలు కొంత నయం, అదీ పూర్తిగా ఆనలేదు.

"ఇది ఎన్నాళ్ళ నుంచి?" అన్నారాయన. నా దగ్గర జవాబు లేదు. అమ్మ దగ్గరా లేదు. "మోకాళ్ళు నొప్పి పుట్టవా అమ్మా?" అంటే, "పుడతాయి. ఈ వయసులో ఎవరికి పుట్టవు? వాటికి కూడా వైద్యం చేయించుకుంటారా?" అంది.

ఇక్కడ ఆయన చెప్పినది నాకు అర్థమైనంతవరకు చెబుతాను. నిటారుగా నిలబడ్డ మనిషికి మోకాళ్ళు పూర్తిగా చాచుకుని ఉంటాయి, నడుము దగ్గర వెన్ను లోపలికి కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. ఈ రెండూ సవ్యంగా ఉంటే నిలబడటానికి కండరాలు పెద్దగా శ్రమపడనక్కర లేదు. మోకాలి గుజ్జు అరిగి, కీలు బిగిసి, పూర్తిగా చాచుకోకపోతే? కాలు కొంచెం మడిచే నిలబడాలి. అప్పుడు తూలిపోకుండా కటి భాగం వెనక్కి ఒరుగుతుంది. నడుములోని సహజమైన వంపు చదునవుతుంది. మొండెం ముందుకు వాలుతుంది. అలా వాలిన మొండెం పడిపోకుండా వెన్నుకు అటూ ఇటూ ఉన్న కండరాలు పొద్దస్తమానం మోకు లాగుతున్నట్టు బిగబట్టుకుని ఉండాలి. సాయంత్రానికి అవి మొర పెట్టుకుంటాయి. ఆ మొరనే మనం నడుము నొప్పి అంటాం. రెండు మోకాళ్ళలో ఒకటి ఎక్కువగా వంగితే, ఆ కాలు పొట్టిదైనట్టే లెక్క. నడక కుంటుపడుతుంది, అడుగడుగునా నడుము పక్కకు ఒరుగుతుంది.

"మీది పెంకుటిల్లు అన్నారు కదా. స్తంభం కుంగితే బీట ఎక్కడ పడుతుంది? దూలం దగ్గర. దూలానికి ఎన్ని పట్టీలు కొడితే ఏం లాభం?" అన్నారాయన. అమ్మకు ఆ మాట ఎక్కింది. నడుము బెల్టు వైపు అదోలా చూసింది.

ఇది ఆయన సొంత సిద్ధాంతం కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. తుంటి కీలుకూ వెన్నుకూ ఉన్న ఇటువంటి సంబంధానికి 1983లోనే 'హిప్-స్పైన్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. 2003లో జపాను వైద్యులు కొందరు 366 మంది రోగులను పరిశీలించి, మోకాలు చాపడంలో 5 డిగ్రీలకు మించి లోటు ఉన్నవారిలో నడుము వంపు బాగా తగ్గి ఉండటం గమనించారు. దాన్ని 'నీ-స్పైన్ సిండ్రోమ్' అన్నారు. అయిదు డిగ్రీలంటే ఎంత? గడియారంలో నిమిషాల ముల్లు ఒక నిమిషంలో కదిలేదే ఆరు డిగ్రీలు. అంతకంటే తక్కువన్నమాట.

మరి ఆ ఎమ్మారైలో కనిపించిన డిస్కుల మాటేమిటి? అవి అబద్ధం కాదు. కాని నడుము నొప్పి అసలే లేనివాళ్ళ వెన్నులను తీసిన చిత్రాలన్నిటినీ క్రోడీకరించి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఎనభై ఏళ్ళవారిలో 96 శాతం మందికి డిస్కుల అరుగుదల కనిపించింది. ఇరవై ఏళ్ళవారిలో కూడా 37 శాతం మందికి ఉంది. అంటే అది తలనెరుపు వంటిది. తల నెరిసినవాడికి జ్వరం వస్తే జుట్టుకు వైద్యం చేయం కదా. మేము మూడేళ్ళు దాదాపు ఆ పనే చేశాం.

*

ఆ రాత్రి వంటింట్లో ఒక ప్రయోగం చేశాను. మీరూ చేసి చూడవచ్చు, ఖర్చేమీ లేదు. మోకాళ్ళు కొద్దిగా, అంటే ఎదుటివాళ్ళు పోల్చుకోలేనంత కొద్దిగా మడిచి, అలాగే నిలబడి కూరగాయలు తరగడం మొదలుపెట్టాను. రెండో బెండకాయ దగ్గర తొడలు మండాయి. అయిదు నిమిషాలకు నడుము పట్టేసింది. కత్తి పక్కన పెట్టి గోడకు జారబడ్డాను. అమ్మ ఇలా నిలబడి ఎన్నేళ్ళు వంట చేసిందో అప్పుడు లెక్క వేసుకోవాలనిపించింది, వేయలేకపోయాను.

తర్వాత పాత ఫోటోలు తీశాను. 2009లో చెల్లెలి పెళ్ళిలో అమ్మ నాన్నగారి పక్కన వెదురుబొంగులా నిలబడి ఉంది. 2016లో మా అబ్బాయి ఒడుగు ఫోటోలో నాన్నగారు లేరు, అమ్మ ఒక కుర్చీ వీపు పట్టుకుని కాస్త ముందుకు వంగి ఉంది. అప్పట్లో ఆ వంపు దుఃఖంవల్ల వచ్చిందనుకున్నాం. మోకాళ్ళు చీర కుచ్చిళ్ళ వెనక ఉన్నాయి. ఆలోచిస్తే, మన ఇళ్ళలో పెద్దావిడల మోకాళ్ళను చూసేవారెవరు? ఆ పట్నం ఆసుపత్రిలో కూడా ఎవరూ చీర అంచు పైకి జరపలేదు. అడగటానికి వాళ్ళకు తీరిక లేదు, చూపించడానికి అమ్మకు సిగ్గు, గమనించడానికి నాకు బుద్ధి లేదు.

ఇంతకీ ముడి ఒకవైపు నుంచే పడుతుందని అనుకోకండి. మా మేనమామగారిది సరిగ్గా ఎదురు కథ. ఆయనకు మోకాలి నొప్పి. ఎక్సురేలో అరుగుదల ఉంది. ఒకచోట శస్త్రచికిత్స చేసి కీలు మార్చారు. మోకాలు మారింది కాని నొప్పి మారలేదు. ఏడాది తిరిగాక తెలిసిందేమిటంటే, నడుములో నరాలు వెళ్ళే దారి ఇరుకై, మూడవ, నాలుగవ వెన్నుపూసల దగ్గర నరం నలుగుతోంది. తొడ ముందుభాగానికీ మోకాలి దగ్గరికీ స్పర్శ అందించేవి ఆ మట్టంలోని నరాలే. నలిగేది పైన, నొప్పి తెలిసేది కింద. తుంటి కీలు అరిగినా నొప్పి మోకాలి దగ్గరే తెలియవచ్చునట, రెండింటికీ కొన్ని నరాలు ఉమ్మడి కనుక. మామయ్య విషయంలో గుర్తు ముందే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. రెండు వీధులు నడిచేసరికి కాళ్ళు బరువెక్కి ఎవరి అరుగు మీదనో కూలబడేవారు. కాసేపు ముందుకు వంగి కూర్చుంటే సర్దుకునేది. సైకిలు తొక్కితే మాత్రం ఏమీ ఉండేది కాదు. మోకాలిదే తప్పయితే మెట్లెక్కేటప్పుడు, కూర్చుని లేచేటప్పుడు ఎక్కువ బాధించాలి. నడుములో ఇరుకయితే నిటారుగా నిలబడి నడిచినప్పుడు బాధ, వంగితే ఉపశమనం. ఈ తేడా రోగి మాటల్లోనే ఉంటుంది, ఎవరైనా వింటే.

మరి నడుము ముందా, మోకాలు ముందా అంటే అది చెట్టు ముందా, విత్తు ముందా అన్నట్టే. వయసుతో వెన్ను ముందుకు ఒరిగినవాళ్ళు పడిపోకుండా ఉండటానికి మోకాళ్ళు మడుస్తారు. అలా మడిచి మడిచి మోకాళ్ళు పాడుచేసుకుంటారు. కనుక రెండింటినీ కలిపి చూసే వైద్యుడు కావాలి. కాళ్ళు ఉన్నట్టుండి చచ్చుబడినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా ఇటువంటి మీమాంసలు పెట్టుకోకుండా ఆ పూటే ఆసుపత్రికి పరుగెత్తాలని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు. ఆ మాట ఇక్కడ రాయకపోతే తప్పవుతుంది.

*

అసలు విషయం ఇప్పటిదాకా దాటవేస్తూ వచ్చాను.

ఆ రోజు పరీక్ష మధ్యలో డాక్టరుగారు "రోజుకు నీళ్ళు ఎన్ని తాగుతారమ్మా?" అని అడిగారు. అమ్మ నా ముఖం చూసి తల దించుకుంది. ఆయన నన్ను బయట కూర్చోమన్నారు. పావుగంట తర్వాత చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

మా ఇంట్లో మరుగుదొడ్డి దొడ్లో, బావి అవతల ఉంటుంది. నేల మీది పాతకాలపుది, గొంతుక్కూర్చోవలసినది. మోకాళ్ళు పూర్తిగా చాచుకోని మనిషికి పూర్తిగా మడవడమూ కష్టమే. కూర్చుంటే లేవడానికి గోడకు పట్టు లేదు. 2020లో ఒకసారి లేవలేక చాలాసేపు అందులోనే ఉండిపోయిందట. పక్కింటివాళ్ళను పిలవడానికి నామోషీ వేసిందట. తలుపు గొళ్ళెం పట్టుకుని ఎలాగో లేచిందట. ఆనాటి నుంచి అమ్మ నీళ్ళు తాగడం మానేసింది. పొద్దున్న కాఫీ, మధ్యాహ్నం మజ్జిగ, మాత్ర మింగడానికి గుక్కెడు నీళ్ళు. సాయంత్రం ఆరు దాటితే అదీ లేదు.

నొప్పి మాత్రల గురించి ఫిజీషియన్ చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం అందేలా నాళాలను తెరిచి ఉంచే ఏర్పాటు ఒకటి శరీరంలో ఉంటుంది. ఈ మాత్రలు నొప్పితో పాటు ఆ ఏర్పాటునూ అణచివేస్తాయి. నీళ్ళూ లేక, ఆ రక్షణా లేక మూత్రపిండాలు ఎండిపోతూ వచ్చాయన్నమాట. మోకాలికీ మూత్రపిండానికీ ముడి! అమ్మ సామెత మళ్ళీ అబద్ధమైంది. ఈ ముడి మాత్రం దేహ నిర్మాణంలో ఉన్నది కాదు, మా ఇంటి దొడ్లో ఉన్నది. నేను ఏటా రెండు సార్లు వెళ్ళి, అదే మరుగుదొడ్డి వాడి వస్తూనే ఉన్నాను.

బెల్టు కొన్నాను, ఎమ్మారై తీయించాను, ఫోను చేశాను. ఒక కమోడు పెట్టించాలని తోచలేదు.

*

ఫిబ్రవరిలో వెళ్ళి అదే ముందు చేశాను. వసారా చివర చిన్న గది కట్టించి, కమోడు పెట్టించి, రెండు పక్కలా పట్టుకోవడానికి ఇనుప కడ్డీలు బిగించాం. రాత్రి దారిలో దీపం ఏర్పాటు చేశాం. మేస్త్రీ పని ఎనిమిది రోజులు. మూడేళ్ళ వైద్యానికి పెట్టిన ఖర్చులో సగం కూడా కాలేదు.

మిగిలిన వైద్యం చెప్పుకోవడానికి చాలా సాదాసీదాగా ఉంటుంది. మంచం మీద కాళ్ళు చాపి, మడమ కింద తువ్వాలు చుట్టి పెట్టుకుని, మోకాలిని కిందికి అదిమి అయిదు అంకెలు లెక్కపెట్టాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. తొడ ముందు కండరం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది, బిగిసిన కీలు కొంత సాగుతుంది. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవడం ఇంకొకటి. ఒంటి బరువు తగ్గడం మరొకటి. ఒక కిలో తగ్గితే అడుగడుగుకూ మోకాలి మీద పడే భారం నాలుగు కిలోల మేర తగ్గుతుందని 2005లో ఒక పరిశోధన తేల్చింది. కిలో అంటే తేలిగ్గా తీసుకునే అమ్మ, నాలుగు కిలోలనేసరికి కాస్త ఆలోచించి రాత్రి అన్నం మాని ఒక చపాతీకి దిగింది.

చేతికర్ర దగ్గరే పేచీ వచ్చింది. "కర్ర పట్టుకున్నానంటే ముసలిదాన్నయిపోయానని ఊరంతా చెప్పుకుంటారు" అంది. "డెబ్భై రెండేళ్ళు నిండాయి, ఇంకా ఎవరికైనా అనుమానం ఉందంటావా?" అన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి తాతగారి పొన్నుకర్ర అటక మీద నుంచి దిగింది. అది మామగారి కర్ర కనుక మర్యాదకు లోటు లేదట. మణికట్టు ఎత్తుకు కోయించి, కింద రబ్బరు తొడిగించాం. కర్రను నొప్పి ఉన్న కాలి వైపు చేత్తో కాక అవతలి చేత్తో పట్టుకోవాలని నాకూ అప్పుడే తెలిసింది. కుడి మోకాలికి ఎడమ చెయ్యి. ఆ తర్వాత వీధిలో కర్ర పట్టుకున్న ప్రతి పెద్దమనిషినీ చూసి, తప్పు చేత పట్టుకున్నవాళ్ళను లెక్కపెట్టడం నాకొక జాడ్యమైంది.

నాలుగు నెలలకు క్రియాటినిన్ 1.2కు దిగింది. కుడి మోకాలి కింద సందు పిడికిలి నుంచి రెండు వేళ్ళకు వచ్చింది. నడుము నొప్పి పూర్తిగా పోలేదు. పోతుందని ఎవరూ మాట ఇవ్వలేదు. ముగ్గు ఇప్పుడు నిలబడి వెయ్యదు, ఎత్తు పీట మీద కూర్చుని చిన్నది వేస్తుంది. కుడి మోకాలు మార్పించుకుంటే మంచిదని డాక్టరుగారు చెప్పారు, నేనూ చెప్పాను. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. "నీ మామయ్యకు చేశారుగా" అంటుంది. ఆయన కథ వేరమ్మా అంటే, "అందరి కథలూ వేరే. మోకాళ్ళు నావి" అంటుంది. నాకిది నచ్చలేదు. కాని మూడేళ్ళు ఆవిడ మోకాళ్ళ వంక చూడనివాణ్ణి, ఇప్పుడు వాటి మీద పెత్తనం చేయడానికి నోరు రావడం లేదు.

ఈ రోజుకీ రాత్రి ఎనిమిదింటికి ఫోను చేస్తాను. నడుము సంగతి అడగడం మానేశాను. "ఇవాళ ఎన్ని చెంబులు తాగావమ్మా?" అంటాను. నిన్న నాలుగన్నది. అబద్ధమాడుతోందేమోనని పిన్నిగారిని అడిగాను. మూడున్నరట.